ఇంటికొచ్చిన జవాను - గ్యారేజీలో పాత ఫోర్డు

మన సంఘం వార్షిక సంచికకి ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడల్లా "నాకు రాయడం రాదండీ, నా చేతికి స్పానరే అలవాటు" అని తప్పించుకుంటూ వచ్చాను. ఈసారి ఆయన ఊరుకోలేదు. "అయితే ఆ స్పానరు సంగతే రాయండి" అన్నారు. ఇక తప్పలేదు.

నేను 1967లో ఇ.ఎం.ఇ.లో చేరాను. వెహికల్ మెకానిక్‌గా 24 ఏళ్ళు పనిచేసి 1991లో ఇంటికొచ్చాను. 1971 డిసెంబరు యుద్ధంలో పశ్చిమ సరిహద్దున ఒక ఫీల్డ్ వర్క్‌షాపులో ఉన్నాను. ఈ వ్యాసం నా గురించి కాదు గానీ, ఈ విషయం నాకెందుకు పట్టిందో తెలియడానికి ఈ రెండు మాటలు చెప్పాను.

2014 వేసవిలో మా అబ్బాయి దగ్గరికి లాస్ ఏంజెలిస్ వెళ్ళాం. అక్కడ ముసలివాళ్ళకి పొద్దు పోవడం ఎంత కష్టమో వెళ్ళొచ్చిన వాళ్ళందరికీ తెలిసిందే. రోజూ నడకకి వెళ్ళేటప్పుడు ఒక ఇంటి గ్యారేజీ తలుపు తీసి ఉండేది. లోపల నా ఈడు మనిషి ఒకాయన, స్టాండ్ల మీద నిలబెట్టిన పాత కారు చాసిస్ కింద పడుకుని పని చేసుకుంటూ ఉండేవాడు. నాలుగోరోజు ఆగి నిలబడ్డాను. "ఇండియన్ ఆర్మీ, మెకానిక్" అన్నాను. ఆయన లేచి చెయ్యి తుడుచుకుని కలిపాడు. వియత్నాంలో పనిచేసి వచ్చినాయన, ఆయనదీ మన ట్రేడే. ఇక ఆ మూడు నెలలూ నా పగళ్ళన్నీ ఆ గ్యారేజీలోనే. "మావయ్యగారికి అక్కడ ఉద్యోగం దొరికింది" అని మా కోడలు నవ్వేది.

ఆ కారు 1932 నాటి ఫోర్డు రోడ్‌స్టరు. దాన్ని ఆయన మొదట ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టుగా కాకుండా, 1948 ప్రాంతంలో కుర్రకారు మార్చుకున్న పద్ధతిలో తిరిగి కడుతున్నాడు. ఇలాంటి బండినే వాళ్ళు హాట్ రాడ్ అంటారు. చూడటానికి కుర్రచేష్టలా ఉంటుంది గానీ, దీని చరిత్ర తవ్వుకుంటూ పోతే సగం సైనికుల చరిత్రే. మన పాఠకులకి అది చెప్పాలనే ఈ ప్రయత్నం.

చౌక కారు, ఎండిన చెరువు

ఈ కథకి మూలం హెన్రీ ఫోర్డు. ఆయన 'మోడల్ టి' 1908 నుంచి 1927 వరకు కోటీ యాభై లక్షలకు పైగా తయారైంది. తర్వాత వచ్చిన 'మోడల్ ఎ' 1931 దాకా నడిచింది. అంటే 1930లు వచ్చేసరికి అమెరికాలో పాత ఫోర్డులు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికేవి. కూలి చేసుకునే కుర్రాడు కూడా ఒకటి కొనుక్కోగలిగేవాడు.

1932లో ఫోర్డు వి-8 ఇంజను వచ్చింది. 221 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 3.6 లీటర్లు, 65 హార్స్ పవర్. ఎనిమిది సిలిండర్లూ ఒకే పోతలో బ్లాకుగా పోయడం దీని గొప్పతనం. అంతకు ముందు వి-8 అంటే ధనవంతుల కార్లలోనే. ఫోర్డు రోడ్‌స్టరు ధర 500 డాలర్ల లోపే. వాల్వులు హెడ్‌లో కాకుండా బ్లాకులోనే సిలిండరు పక్కన ఉంటాయి. హెడ్ ఉత్త మూతలా బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి ఫ్లాట్‌హెడ్ అన్నారు.

లాస్ ఏంజెలిస్‌కి ఉత్తరాన మొహావీ ఎడారిలో ఎండిపోయిన చెరువులున్నాయి. బల్ల పరిచినట్టు చదునైన గట్టి నేల, మైళ్ళకొద్దీ అడ్డం లేదు. వాటిలో పెద్దది మ్యూరోక్. కుర్రవాళ్ళు మడ్‌గార్డులు, అద్దాలు, అనవసరమైన బరువంతా ఊడదీసి అక్కడికి తోలుకెళ్ళి ఎంత వేగం పోతుందో కొలుచుకునేవాళ్ళు. గుంపుగా ఒకేసారి పరుగు పెట్టి దుమ్ములో ఒకర్నొకరు గుద్దుకుని దెబ్బలు తగిలించుకున్నారు కూడా. అందుకని 1937లో క్లబ్బులన్నీ కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. బండి తనిఖీ, వరస, గడియారం, అన్నీ పద్ధతి ప్రకారం జరగడం అప్పుడు మొదలైంది.

ఇంతలో యుద్ధం వచ్చిపడింది. మ్యూరోక్ చెరువు అమెరికా సైనిక విమాన దళం చేతికి పోయింది. అదే ఈనాటి ఎడ్వర్డ్స్ ఎయిర్ ఫోర్స్ బేస్. 1947 అక్టోబరు 14న చక్ యేగర్ ధ్వని వేగాన్ని దాటింది ఆ చోటి నుంచి లేచిన విమానంలోనే. కుర్రవాళ్ళు పాత ఫోర్డులతో వేగం కొలుచుకున్న నేల మీదే ఆ చరిత్ర కూడా జరిగిందన్నమాట.

అదే ఇంజను మన జవాన్ల దగ్గర

ఇక్కడ మనవాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. ఆ గ్యారేజీలో ఇంజను చూడగానే "దీన్ని ఎక్కడో విన్నానే" అనిపించింది. తర్వాత గుర్తొచ్చింది. నేను చేరిన కొత్తలో మా ఉస్తాదులు బ్రెన్ క్యారియర్ కథలు చెప్పేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం వాడిన ఆ చిన్న పట్టాల బండి, అసలు పేరు యూనివర్సల్ క్యారియర్, లక్షకు పైగా తయారైంది. దానిలో ఉన్నది 85 హార్స్ పవర్ ఫోర్డు ఫ్లాట్‌హెడ్ వి-8. కెనడా నుంచి వచ్చిన ఫోర్డు మిలిటరీ లారీలలోనూ వి-8లే. కెనడా ఫోర్డు చాసిస్ తెప్పించి, దాని మీద మన దేశంలోనే కవచం కట్టిన ఇండియన్ ప్యాటర్న్ క్యారియర్లు నాలుగు వేలకు పైగా తయారయ్యాయి. వాటిని టాటానగర్లు అని కూడా పిలిచేవారు.

మన కోర్ పుట్టింది 1943 అక్టోబరు 15న. ఆ తొలి రోజుల్లో మన మెకానిక్కులు ఎడారి ఇసుకలో, బర్మా బురదలో విప్పి బిగించింది ఈ ఇంజన్నే. కాలిఫోర్నియా కుర్రవాడు సరదాకి వేడెక్కించిన ఇంజను, మన హవల్దారు ప్రాణాలు నిలుపుకోవడానికి చల్లబరిచాడు. ఆ అమెరికా మిత్రుడికి ఈ మాట చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఇంజను మీద చెయ్యి వేసి "దీనికి ఇంత బంధుత్వం ఉందని నాకు తెలీదు" అన్నాడు.

దానికున్న జబ్బు కూడా మనవాళ్ళకి బాగా తెలుసు. కాలిన గాలి బయటికి పోయే దారి బ్లాకు లోపలి నుంచే పోతుంది. అందువల్ల నీళ్ళు త్వరగా మరుగుతాయి. వాల్వు సీటుకీ సిలిండరుకీ మధ్య బీట పడుతుంది. ఇప్పటికీ పాత బ్లాకు కొనేవాడు మొదట చూసేది ఆ బీట కోసమే.

తిరిగొచ్చిన వాళ్ళు ఏం చేశారు

1942 ఫిబ్రవరి నుంచి యుద్ధం అయ్యేదాకా అమెరికాలో మామూలు కార్ల తయారీ ఆపేశారు. 1945లో లక్షలాదిమంది జవాన్లు ఇంటికొచ్చేసరికి కొత్త కార్లు లేవు. ఉన్నవి పాత ఫోర్డులే. కానీ ఆ కుర్రవాళ్ళు వెళ్ళినప్పటి కుర్రవాళ్ళు కారు. విమానాల ఇంజన్లు విప్పినవాళ్ళు, టాంకులు బాగుచేసినవాళ్ళు, వెల్డింగు, లేతు పని, షీట్ మెటల్ నేర్చినవాళ్ళు. 1944లో వచ్చిన జి.ఐ. బిల్లు కింద చదువుకి సాయం, ఉద్యోగం దొరికేదాకా వారానికి 20 డాలర్ల చొప్పున 52 వారాల వరకు భృతి ఉండేది. చేతిలో పని, కొంచెం డబ్బు, బోలెడు తీరిక. దానికి తోడు నిద్ర పట్టని రాత్రులు. ఆ నాలుగూ కలిసి ఇంటి గ్యారేజీలోకి చేరాయి.

కొన్ని పేర్లు చెబుతాను. అలెక్స్ జిడియాస్ సైనిక విమాన దళంలో పనిచేసి 1946లో బయటికొచ్చి, బర్బ్యాంక్‌లో సో-కాల్ స్పీడ్ షాప్ అని చిన్న దుకాణం పెట్టాడు. బిల్ బర్క్ అనే ఆయన పసిఫిక్ యుద్ధరంగంలో విమానం కింద తగిలించే అదనపు పెట్రోలు ట్యాంకు చూశాడు. నీటిబొట్టు ఆకారం. గాలిని చీల్చుకుపోవడానికి ఇంతకంటే మంచి బాడీ ఏముంటుందని, 1946లో ఒక మిగులు ట్యాంకు కొని దాన్నే కారుగా మార్చాడు. తర్వాత జిడియాస్ పి-38 విమానపు 315 గ్యాలన్ల ట్యాంకుతో కట్టిన బండి, 1952లో బోనవిల్ ఉప్పు మైదానంలో గంటకు 198 మైళ్ళు పోయింది. డిస్పోజల్ సామానంటే మనం తక్కువగా చూస్తాం. దానితో వాళ్ళు చేసింది చూడండి!

1948 జనవరిలో లాస్ ఏంజెలిస్‌లో హాట్ రాడ్ల తొలి పెద్ద ప్రదర్శన జరిగింది. ఎక్కడ? నేషనల్ గార్డ్ ఆయుధాగారంలో. అదే నెలలో రాబర్ట్ పీటర్సన్ 'హాట్ రాడ్' పత్రిక మొదలుపెట్టి 25 సెంట్లకి అమ్మాడు. అది ఊరికే రాలేదు. అప్పటికి వీధుల్లో పందేలు పెట్టి ప్రమాదాలు తెచ్చినవాళ్ళూ ఉన్నారు. హాట్ రాడ్ అంటే రౌడీ అని పత్రికలు రాశాయి, పోలీసులు వెంటపడ్డారు. ఆ చెడ్డపేరు పోగొట్టాలని, క్రమశిక్షణ తేవాలని పూనుకున్నవాళ్ళలో ముఖ్యుడు వాలీ పార్క్స్. ఈయన కూడా పసిఫిక్‌లో సైన్యంలో పనిచేసి వచ్చినవాడే. 1949 ఆగస్టులో బోనవిల్‌లో తొలి స్పీడ్ వీక్ జరిగింది. 1950లో సాంటా ఆనా విమానాశ్రయపు రన్‌వే మీద డబ్బు కట్టి పరుగు తీసే డ్రాగ్ స్ట్రిప్ వచ్చింది. 1951లో పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించాడు. వీధిలో పరుగు ఆపండి, తనిఖీ చేయించుకున్న బండితో ఇక్కడికి రండి అన్నది దాని సారాంశం. మనకి అలవాటైన భాషలో చెప్పాలంటే, గుంపుని యూనిట్‌గా మార్చాడు.

1955లో షెవర్లే చిన్న వి-8 వచ్చాక ఫ్లాట్‌హెడ్ వెనకబడింది. అమెరికాలో ఫోర్డు దాని తయారీ 1953తోనే ఆపేసింది. అయితే విచిత్రం చూడండి. ఒకప్పుడు పోలీసులు తరిమిన ఆ కార్లు 1997లో పెబుల్ బీచ్‌లో, ప్రపంచంలోని ఖరీదైన పాతకార్ల పోటీలో, ప్రత్యేక తరగతిగా నిలబడ్డాయి. 2014 జూన్‌లో అమెరికా తపాలా శాఖ 1932 ఫోర్డు హాట్ రాడ్ల బొమ్మలతో స్టాంపులు వేసింది. మా మిత్రుడు ఆ స్టాంపు గ్యారేజీ గోడకి అంటించుకున్నాడు.

గ్యారేజీలో పని ఎలా సాగుతుంది

నేను చూసిన పని వరస చెబుతాను. మన వర్క్‌షాపు పద్ధతికి చాలా దగ్గర.

మొదటిది విప్పడం కాదు, రాసుకోవడం. ప్రతి భాగానికీ ఫొటో, చీటీ, డబ్బా. తర్వాత చాసిస్‌ని నేల మట్టానికి నిలబెట్టి మూల నుంచి మూలకి రెండు కర్ణాలూ కొలుస్తారు. తేడా ఉందంటే ఫ్రేము వంగిందన్నమాట. అది సరిచెయ్యకుండా పైన ఎంత రంగు వేసినా దండగే. తుప్పు దులిపి, బీటలు చూసి, అవసరమైన చోట వెల్డు చేస్తారు.

రెండోది బ్రేకులు. ఇది నాకు బాగా నచ్చింది. 1938 దాకా ఫోర్డు కార్లకి రాడ్లతో పనిచేసే బ్రేకులే. 1939లో హైడ్రాలిక్ వచ్చింది. పాతకాలం కుర్రవాళ్ళు కూడా ఇంజను పెంచే ముందు 1939, 1940 మోడళ్ళ హైడ్రాలిక్ బ్రేకులు తెచ్చి బిగించేవారు. పోవడం కంటే ఆగడం ముఖ్యమని తెలివైనవాడికి తెలుసు.

మూడోది ఇంజను. బ్లాకు బాయిల్ చేసి కడిగి, బీటలు పరీక్షించి, సిలిండర్లు బోరు చేస్తారు. మెర్క్యురీ కారు క్రాంకు వేస్తే స్ట్రోకు మూడుముప్పావు అంగుళాల పైన మరో పావు అంగుళం, అంటే పావు తక్కువ నాలుగు నుంచి పూర్తిగా నాలుగు అంగుళాలు అవుతుంది. హెడ్ గీయించి కంప్రెషన్ పెంచుతారు, ఒక కార్బురేటరు చోట రెండు స్ట్రామ్‌బర్గ్‌లు పెడతారు, క్యామ్ మారుస్తారు. దేన్ని పెంచినా రేడియేటరు, వాటర్ పంపు సరిచూడాలి. లేకపోతే పాత జబ్బు మళ్ళీ మొదలు.

నాలుగోది తొలి కూర్పు. రంగు వెయ్యకముందే బండి మొత్తం ఒకసారి కడతారు. తలుపు సందులు, స్టీరింగు తగులుళ్ళు, పెడల్ దూరాలు అన్నీ అప్పుడే బయటపడతాయి. మళ్ళీ మొత్తం విప్పి అప్పుడు రంగు. ఓపిక లేనివాడు ఇక్కడే చెడతాడు. సగం విప్పిన కార్లు గ్యారేజీల్లో ముప్పై ఏళ్ళు పడి ఉండటానికి కారణం డబ్బు లేకపోవడం ఒక్కటే కాదు, ఈ ఓపిక అయిపోవడం కూడా.

ఇంట్లో చేసే పని కాబట్టి జాగ్రత్తలు కూడా చెప్పాలి. జాకీ నమ్మి బండి కింద దూరకూడదు, స్టాండ్లు పెట్టాల్సిందే. పాత బ్రేకు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము గాలితో ఊదకూడదు. పెట్రోలు ట్యాంకు ఖాళీగా ఉన్నా వెల్డింగు పెట్టకూడదు. మన వర్క్‌షాపుల్లో ఇవి గోడల మీద రాసి ఉండేవి. ఇంట్లో రాసేవాళ్ళుండరు.

నా తప్పు

ఒకరోజు ఆయన అడిగాడు, "నువ్వెప్పుడైనా ఇలాంటిది కట్టావా?" అని. కట్టాను. అయితే అది చెప్పుకోవడానికి సిగ్గుపడే కథ.

1991లో ఇంటికొచ్చాక, డిస్పోజల్ వేలంలో పాడుకున్న ఒక పాత ఇనుము వ్యాపారి దగ్గర పాత జీపు కొన్నాను. యుద్ధకాలం నాటిది. పెట్రోలు ఖర్చు భరించలేక దాని ఇంజను తీసేసి మటాడోర్ డీజిల్ ఇంజను ఎక్కించాను. వెనక బాడీ కోసి పొడిగించాను. ప్రకాశం జిల్లాలో మా ఊరి చుట్టూ పాల క్యాన్లు, ఎరువు బస్తాలు తోలాను. పింఛనుతో పాటు మూడేళ్ళు మా ఇల్లు దాని మీదే నడిచింది. కాబట్టి ఆ బండి మీద నాకు కృతజ్ఞతే. అయితే ఊడదీసిన ఇంజను, బోల్టులు, బ్రాకెట్లు అన్నీ కిలోల లెక్కన అమ్మేశాను. ఆ బోల్టుల తలల మీద ఒక చిన్న అక్షరం ఉండేది. 'ఎఫ్'. ఏదో కంపెనీ ముద్ర అనుకున్నాను.

అది విని ఆయన అల్మారాలో నుంచి ఒక రేకు డబ్బా తెచ్చి మూత తీశాడు. నిండా బోల్టులు. తలల మీద అదే 'ఎఫ్'. యుద్ధకాలంలో జీపులు విల్లీస్ ఒక్కటే చెయ్యలేదు. ఫోర్డు కూడా సుమారు 2 లక్షల 80 వేలు చేసింది. తన భాగాల మీద ఆ అక్షరం వేసింది. నా చేతిలో ఉన్నది ఫోర్డు జీపు. చదువుకున్న మెకానిక్‌ని, దాని పుట్టుక తెలుసుకోకుండానే తూకానికి వేశాను. అది ఏ యూనిట్‌లో తిరిగిందో, ఎవర్ని మోసిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. మనవాళ్ళకి జీపంటే ఉత్త బండి కాదు. 1965లో అసల్ ఉత్తాడ్ దగ్గర అబ్దుల్ హమీద్ ప్యాటన్ టాంకుల్ని కొట్టింది జీపు మీది తుపాకితోనే కదా.

ఆయన నన్ను ఓదార్చాడు. "1946లో మావాళ్ళు కూడా మంచి ఫోర్డుల్నే కోశారు. చవక కాబట్టి కోశారు. నువ్వూ ఇల్లు గడవడానికి కోశావు. కోయడం తప్పు కాదు, రాసుకోకపోవడం తప్పు" అన్నాడు. డబ్బాలోంచి ఒక బోల్టు తీసి నా చేతిలో పెట్టాడు. ఇప్పుడది నా తాళాల గుత్తికి ఉంది.

మనం చెయ్యగలిగింది

మన దేశంలో అమెరికావాళ్ళలా బండి మార్చుకుందామంటే కుదరదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అందుకు అడ్డం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి గట్టిగా చెప్పింది. కాబట్టి కుర్రవాళ్ళెవరైనా ఈ వ్యాసం చదివి ఆర్.టి.ఓ. అనుమతి లేకుండా ఇంజను మార్చేరు, జాగ్రత్త! అయితే అసలు రూపంలో నిలబెట్టేవాళ్ళకి దారి ఉంది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు లేని వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో 'వి.ఎ.' అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకి రుసుము 20 వేల రూపాయలుగా పెట్టారు. రోజువారీ తిరగడానికీ, వ్యాపారానికీ వాడకూడదు.

అమెరికా నుంచి వచ్చాక సికింద్రాబాద్‌లో నా పాత సహచరుడు ఒక సుబేదారుగారి ఇంట్లో మూలపడి ఉన్న 1960ల జీపు మీద మేం నలుగురం కూచున్నాం. ప్రతి ఆదివారం. పక్కనున్న ఐ.టి.ఐ. కుర్రవాళ్ళు ముగ్గురు కలిశారు. నాలుగేళ్ళు పట్టింది. ఇంజను మార్చలేదు, బాడీ కోయలేదు. ప్రతి భాగానికీ చీటీ కట్టాం, ఒక లాంగ్‌బుక్ నింపాం. 2019 జనవరి 26 ఉదయం జెండా వందనం అయ్యాక స్టార్ట్ చేస్తే రెండో కిక్కుకే పలికింది. ఆ కుర్రవాళ్ళలో ఒకడు ఇప్పుడు మన కోర్‌లోనే ఉన్నాడు.

మన ట్రేడ్ వాళ్ళు ఎందరో రిటైరయ్యాక ఏ.టి.ఎం. ముందు కుర్చీలో కూచుని కాపలా కాస్తున్నారు. ఆ ఉద్యోగాన్ని తక్కువ చెయ్యడం లేదు, నేనూ కొన్నాళ్ళు చేశాను. కానీ వాల్వు చప్పుడు విని జబ్బు చెప్పగల చెవి, అరచేతితో బేరింగు వేడి కొలవగల చెయ్యి అలా ఊరికే పోకూడదు. 1946లో ఆ దేశపు జవాన్లకి ఎవరూ చెప్పలేదు, వాళ్ళే ఒక గ్యారేజీ తలుపు తీశారు. తర్వాత అది దుకాణమైంది, పత్రిక అయింది, పెద్ద పరిశ్రమ అయింది. మనకి అంత కాకపోయినా, ఒక్కో ఊళ్ళో ఒక్కో తలుపు తెరిస్తే చాలు.

మీ ఇంటి వెనక, మీ బంధువుల దొడ్లో, పాత జీపో, జోంగాయో, మోటారు సైకిలో ఉంటే తూకానికి వెయ్యకముందు ఒక్కసారి బోల్టు తల తుడిచి చూడండి. ఏదైనా రాసి ఉంటే నోటుబుక్కులో ఎక్కించండి. తర్వాత నాలాంటివాడికి కబురు పెట్టండి. స్పానరు ఇంకా దగ్గరే ఉంది.

జై హింద్.